నల్లా వచ్చే పూట

మే 6, 2024, సోమవారం

ఆదివారం ఆరాధన అయ్యాక కాకుండా పని రోజు సాయంత్రం కమిటీ కూర్చుందంటే విషయం పెద్దదన్నమాట. డాలస్‌లో ఉన్న మా చెల్లెలి కొడుకు వాళ్ళ తెలుగు సంఘం నించి ఆరుగురు కాలేజీ పిల్లల్ని వెంటబెట్టుకుని వస్తున్నాడు. వాళ్ళు దాన్ని మిషన్ ట్రిప్ అంటారు. మన చర్చి వెనక బస్తీలో పిల్లలకి సేవ చేస్తారట. ఆ మాట వినగానే కమిటీలో సగం మంది మొహాలు వెలిగాయి. మిగతా సగానికి కాగితాలు గుర్తొచ్చాయి.

నేను కాగితాల పక్షం. విదేశీ పౌరులైన మనవాళ్ళకిచ్చే ఓసీఐ కార్డుంటే ఇక్కడ ఏదైనా చెయ్యొచ్చని మనవాళ్ళ నమ్మకం. 2021 మార్చిలో కేంద్ర హోంశాఖ ఇచ్చిన నోటిఫికేషన్ ప్రకారం మిషనరీ పనికి ఓసీఐ వాళ్ళు కూడా ముందే ప్రత్యేక అనుమతి తీసుకోవాలి. టూరిస్టు వీసా మీద వచ్చేవాళ్ళ సంగతి చెప్పనే అక్కర్లేదు. మన దగ్గర అనుమతి లేదు, ఇప్పుడు తెచ్చుకునే వ్యవధీ లేదు. వి.బి.ఎస్., అంటే పిల్లల వేసవి బైబిలు బడి, ఏప్రిల్ చివర్లో మన సండే స్కూల్ టీచర్లే చేసేశారు. ఇది వేరు. ఆటలు, బొమ్మలు, ఇంగ్లిషు చదివించడం, మధ్యాహ్నం అన్నం. వాక్యం ఉండదు, తల మీద చెయ్యిపెట్టి ప్రార్థనా ఉండదు.

"వాక్యం లేకపోతే మనది చర్చి ఏంటమ్మా, ఎన్జీవో ఆఫీసవుద్ది" అన్నారు పెద్ద డీకన్ గారు. ఆయనది ఒంగోలు వైపు. అందుకని ఆయన ఊరి కథే ఆయనకి చెప్పాను. 1876-78 కరువులో ఒంగోలు మిషనరీ క్లౌ దొర బకింగ్‌హామ్ కాలవలో మూడున్నర మైళ్ళు తవ్వించే కాంట్రాక్టు తీసుకుని వేలమందికి కూలి దొరికేలా చేశాడు. ఆ కూలీలే బాప్తిస్మం ఇమ్మని వెంటపడితే ఇవ్వలేదు. గంజి కోసం కలిశారన్న మాట రాకూడదని ఏడాదికి పైనే ఆపేశాడు. 1878 జూలై 3న గుండ్లకమ్మలో ఒక్కరోజే 2,222 మంది బాప్తిస్మం తీసుకున్నది ఆ తర్వాత. డీకన్ గారికి 2,222 నోటికొచ్చు. ఆపిన నెలల సంగతి ఆయనకే కాదు, మాలో చాలామందికి గుర్తుండదు.

చివరికి సరేనన్నారు. మనస్ఫూర్తిగా కాదు.

మే 9

ఏడింటికే ఎండ చురుక్కుమంటోంది. చాచా నెహ్రూ పార్కులో నాలుగు చుట్లు తిరిగి కూలబడ్డాను. ఇది చెరువుండే చోటంటే కొత్తవాళ్ళు నవ్వుతారు. కులీ కుతుబ్ షా కూతురు, అబ్దుల్లా కుతుబ్ షా తల్లి హయాత్ బక్షీ బేగంని జనం మా సాహెబా అనేవారు. చెరువు ఆవిడ పేరు మీదిది. ఆ పేరు నోళ్ళలో నలిగి మాసబ్ ట్యాంకయింది, నీళ్ళు పోయి పార్కొచ్చింది. ఇప్పుడీ ట్యాంకు పేటలో, చర్చి వెనక బస్తీకి నల్లా రోజు విడిచి రోజు. ఆసిఫ్‌నగర్ ఫిల్టర్ బెడ్లు ఇక్కడికి ఎంతో దూరం లేవు. ఉస్మాన్‌సాగర్ నీళ్ళు వందేళ్ళుగా అక్కడే శుభ్రమవుతున్నాయి.

మే 13

ఓటేశాను. వేలికి సిరా, తలకి తడి తువ్వాలు.

ఊరు ఖాళీ. ఆంధ్రలోనూ ఇవాళే పోలింగు కావడంతో శుక్రవారం నించే బస్సులన్నీ అటు. మా బస్తీలో చాలామంది పాలమూరు వాళ్ళు, వాళ్ళూ పిల్లల్నేసుకుని ఊళ్ళకి పోయారు. డాలస్ పిల్లలు దిగేసరికి సేవ చేయించుకోడానికి పిల్లలు ఉంటారో లేదో! ఈ మాట ఫోన్లో అంటే మావాడు నవ్వలేదు. "ఫిఫ్టీ కిడ్స్ అని చెప్పాం పెద్దమ్మా, ఫండ్‌రైజింగ్‌లో" అన్నాడు. ముందే అంకె చెప్పి డబ్బు పోగుచేస్తే ఆ అంకెకి సరిపడా పిల్లల్ని వెతుక్కోవాలి మరి.

మే 16

నిన్న రాత్రి దిగారు. పిల్లలు చక్కగా ఉన్నారు, ఒద్దికగా ఉన్నారు. చెప్పులు బయట విప్పమని ఎవరూ చెప్పక్కర్లేదు. తెలుగు అర్థమవుతుంది, జవాబు ఇంగ్లిషులో వస్తుంది. ఒక పిల్లకి మాత్రం తాతమ్మ దగ్గర పెరిగిందేమో గుంటూరు యాస గట్టిగా ఉంది: "ఏందాంటీ, ఇంత ఉక్క!"

ఆరుగురికీ తలా రెండు సూట్‌కేసులు. తెరిస్తే క్రేయాన్లు, స్టిక్కర్లు, బుడగలు, సన్‌స్క్రీన్, వేరుశెనగ వెన్న డబ్బాలు. మెడిసిన్‌కి పోదామనుకుంటున్న కుర్రాడి బ్యాగులో స్టెతస్కోప్. ఒక పెద్ద అట్టపెట్టె నిండా వాడిన కళ్ళజోళ్ళు. వాళ్ళ చర్చి గుమ్మం దగ్గర డబ్బా పెట్టి పోగుచేశారట. "ఇండియాలో పిల్లలకి గ్లాసెస్ లేవు కదా ఆంటీ." నేనేమీ అనలేదు. వచ్చిన మర్నాడే అనకూడదు.

స్టెతస్కోప్ గురించి మాత్రం అనేశాను. ఇంకా డాక్టరువి కాలేదు, ఇక్కడ లైసెన్సు లేదు, బ్యాగులోనే ఉంచు నాయనా. అతను నొచ్చుకుంటే అన్నా కూగ్లర్ గురించి చెప్పాను. చదువు పూర్తయిన డాక్టరు. వైద్యం కోసం పంపడానికి మిషన్ బోర్డు ఒప్పుకోక, 1883లో గుంటూరుకి టీచరుగా వచ్చింది. ఆసుపత్రి తెరిచింది 1898లో. మధ్యలో పదిహేనేళ్ళు. అతను లెక్కేసుకుని, "నేను పుట్టాక అంత కూడా కాలేదు దాదాపు" అన్నాడు. పందొమ్మిదేళ్ళవాడు, కాస్త ఎక్కువ చెప్పాడు గానీ భావం పట్టుకున్నాడు.

సాయంత్రం కుండపోత. మావాడు అందరికీ ఉప్పల్ మ్యాచ్‌కి టికెట్లు కొన్నాడు, సన్‌రైజర్స్, గుజరాత్. టాస్ కూడా పడలేదు. ఎన్‌ఎండీసీ దగ్గర రోడ్డంతా నీళ్ళే, అర్ధరాత్రి తడిసి ముద్దై ఇల్లు చేరారు.

మే 17

పిల్లలకి ఊరు చూపిస్తానని 5 నంబరు బస్సెక్కించాను. కండక్టరమ్మ నాకు జీరో టికెట్ కొట్టింది. గత డిసెంబరు 9 నించీ ఆడవాళ్ళకి ఉచితం. అమ్మాయిలు చేతులు చాపారు. "ఆధార్?" అంది. ఒకమ్మాయి ఓసీఐ కార్డు తీసి చూపించింది. కండక్టరమ్మ దాన్ని అటూ ఇటూ తిప్పి, "ఇది తెలంగాణది కాదమ్మా" అని డబ్బులు తీసుకుంది. బస్సంతా నవ్వు. ఆ పిల్ల కూడా నవ్వింది గానీ టికెట్టు దాచుకుంది.

లక్డీకాపూల్ దాటుతుంటే నీలోఫర్ ఆసుపత్రి ఆ సందులో అని చూపించాను. నీలోఫర్ ఇక్కడి మనిషి కాదు, ఒట్టోమన్ రాజవంశం పిల్ల. 1931లో నిజాం రెండో కొడుకుని చేసుకుని ఈ ఊరొచ్చింది. 1949లో ఆవిడ దగ్గర పనిచేసే రఫత్ కాన్పులో చనిపోయింది. ఇంకో రఫత్ ఇలా పోకూడదని పట్టుబట్టి కూర్చుంటే 1953కి తల్లులకీ పిల్లలకీ ఆసుపత్రి వచ్చింది. ఆ ఏళ్ళలోనే ఆవిడ పెళ్ళీ ముగిసింది, ఊరూ విడిచింది. ఓపీ లైను ఇవాళ్టికీ తెల్లారకముందే మొదలవుతుంది.

మే 18, రాత్రి

కరెంటు పోయి వచ్చింది. నిద్ర లేదు. నెల్లూరు నించి తెచ్చుకున్న పాత సంఘ పత్రికలు తిరగేస్తుంటే జాన్ రంగయ్య గారు తగిలారు. మా బాప్టిస్టుల్లో ఆయన పేరు తెలియని పెద్దలు లేరు, తెలిసిన పిల్లలు లేరు.

1860 నవంబరు 16న ట్రూరో అనే ఓడ మద్రాసు నించి డర్బన్ చేరింది. అదే మొదలు. 1911 దాకా లక్షన్నర మందికి పైగా కాంట్రాక్టు కూలీలు దక్షిణాఫ్రికాలోని నేటాల్ పోయారు, చెరకు తోటలకీ టీ తోటలకీ. వాళ్ళలో తెలుగువాళ్ళు చాలామంది, ఆ తెలుగువాళ్ళలో కొందరు మా నెల్లూరు, ఒంగోలు మిషన్లలో బాప్తిస్మం పుచ్చుకున్నవాళ్ళు. స్టాంగర్ దగ్గర కియర్స్‌నీలో హలెట్ దొర టీ తోటలో కూలి చేసుకుంటూ, చెప్పేవాళ్ళు లేక, ఇంటికి ఉత్తరం రాశారు: మాకు ఒక మనిషిని పంపండి.

పంపింది అమెరికా బోర్డు కాదు. తెలుగు బాప్టిస్టుల హోం మిషనరీ సొసైటీ, అంటే గుప్పెడు బియ్యం కానుక వేసే మనవాళ్ళు. 1903లో రంగయ్య గారు భార్యనీ పిల్లల్నీ తీసుకుని ఓడెక్కారు. అదే ఏడాది డిసెంబరు 27న కియర్స్‌నీలో సంఘం కట్టారు. 1915లో చనిపోయేదాకా అదే పని.

తెలుగువాళ్ళం విదేశానికి మిషనరీని పంపిన తొలినాళ్ళ కథ ఇదని గొప్పగా చెప్పుకుంటాం. చెప్పుకోవచ్చు, తప్పేం లేదు. నాకు మాత్రం ఆ ఉత్తరం దగ్గర చూపు ఆగిపోయింది. అక్కడివాళ్ళు అడిగారు, ఈయన వెళ్ళాడు. మరి మా వెనక బస్తీ డాలస్‌కి ఉత్తరమేమీ రాయలేదు కదా. ఉత్తరం రాస్తే అందులో ఏం అడుగుతారో మేమైనా ఎప్పుడూ కనుక్కోలేదు, గోడకి ఇవతలే ఉండి.

మే 20, సోమవారం

ముందు ఈ రోజు సంగతి రాసుకోవాలి, కాళ్ళు తర్వాత నొక్కుకోవచ్చు.

చర్చి వెనక రేకుల షెడ్డు. తొమ్మిదింటికి మొదలు. మావాడు గోడకి షెడ్యూలు అతికించాడు, ప్లాస్టిక్ కవరు వేసి మరీ. 9:00 వెల్కమ్, 9:15 గేమ్, 9:45 క్రాఫ్ట్, 10:30 రీడింగ్, అలా మధ్యాహ్నం రెండు దాకా. పిల్లలు తొమ్మిదింటికి కాదు, ఎనిమిదిన్నరకే వచ్చేశారు. పెద్దవాళ్ళ చంకల్లో చిన్నవాళ్ళు. ఏడేళ్ళ పిల్ల ఏడాది తమ్ముణ్ణి దించకుండానే బంతి ఆడింది, బాగానే ఆడింది. ఆరు నించి పన్నెండేళ్ళ వాళ్ళే అని మేం పెట్టుకున్న నియమం మొదటి నిమిషంలోనే ఎగిరిపోయింది.

ఊళ్ళకి పోయినవాళ్ళు చాలామంది తిరిగొచ్చినట్టున్నారు. యాభై దాటారో లేదో నేను లెక్కపెట్టలేదు, మావాడు పెట్టాడు.

బుడగలు, పాములా వంకర్లు తిరిగే ఆట, ఒకటే గోల. క్రాఫ్ట్ టైముకి అందరూ చాపల మీద కూర్చున్నారు. కాగితం పళ్ళేల మీద సింహం మొహం చెయ్యాలి. జిగురు, పసుప్పచ్చ కాగితం ముక్కలు, దూది. గుంటూరు యాస అమ్మాయి మధ్యలో కూర్చుని "అట్టా కాదురా, ఇట్టా" అంటోంది. అంతా కుదురుకుంది.

పదీ ఇరవైకి బయట ఎవరో "నల్లా!" అని ఒక్క కేక.

షెడ్డు ఖాళీ. అక్షరాలా ఖాళీ. సగం సింహాలు, మూతలు తీసిన జిగురు సీసాలు, చంకలోంచి దిగిన ఏడాది పిల్లాడు ఒక్కడూ మిగిలాడు, దూది నోట్లో పెట్టుకుంటూ. ఆరుగురు డాలస్ పిల్లలూ చేతుల్లో కత్తెరలతో నిలబడిపోయారు. ఒకతను షెడ్యూలు వైపు చూశాడు. అందులో నల్లా లేదు.

మా సండే స్కూల్లో సాయం చేసే అమ్మాయి ఉంది, ఆ బస్తీ పిల్లే, ఈ ఏప్రిల్లోనే ఇంటర్ ప్యాసైంది. పిల్లాడి నోట్లోంచి దూది లాగేసి, వీళ్ళ వైపు తిరిగి, "నిలవడి ఏం జేస్తరు, రాండ్రి" అంది. వాళ్ళు వెళ్ళారు. వెనక నేను.

సందులో ఆ వరసకంతా కలిపి నల్లా పాయింటు ఒకటే. ప్లాస్టిక్ బిందెలు, పెయింటు డబ్బాలు, ఒక వాషింగ్ మెషీన్ తొట్టి, అన్నీ వరసలో ఉన్నాయి. ఆ వరస ఎవరికీ చెప్పక్కర్లేని చట్టం. ధార సన్నం. కొందరు మోటారు పెట్టి లాగేస్తారు, దాంతో చివరింటి వాళ్ళకి గాలి వస్తుంది. ఆ గొడవ కూడా ఇవాళ ఒక విడత అయింది. పెద్దవాళ్ళు పన్లకి పోయారు కాబట్టి మోసేది పిల్లలే. తొమ్మిదేళ్ళ పిల్ల నడుం మీద బిందె పెట్టుకుని, రెండో చేత్తో డబ్బా పట్టుకుని, మురిక్కాలవ మీది బండ దాటి, మూడు మెట్లెక్కి డ్రమ్ములో పోసి వస్తుంది. మెడిసిన్ కుర్రాడు రెండు బిందెలు పట్టుకుని బయల్దేరాడు. బండ దగ్గరికి చేరేసరికి ప్యాంటు తడిసింది, బిందెలు సగమయ్యాయి. ఒక ముసలమ్మ అతన్ని చూసి, "నీళ్ళు నాకు పొయ్యమంటే నేలకి పోస్తున్నవు బిడ్డా" అంది. అతనికి అర్థమైంది. మూడో విడతకి ఒక బిందె చాలనుకున్నాడు, అది నిండుగా చేరింది.

వరసలో నిలబడ్డ ఒక పిల్లాడు గుంటూరు యాస అమ్మాయిని అడిగాడు, "అక్కా, మీ ఊర్ల నల్లా రోజొస్తదా?"

"రోజూ వస్తది."

"ఎన్ని గంటలకు?"

ఆ అమ్మాయికి జవాబు తెలీలేదు. నా వైపు చూసింది. నేను సాయం చెయ్యలేదు. "ఎప్పుడు తిప్పితే అప్పుడు" అంది చివరికి. పిల్లాడు నమ్మలేదు. పక్కవాడితో "ఝూట్" అన్నాడు.

నలభై నిమిషాలకి ధార ఆగింది. పిల్లలు తడి బట్టల్తో తిరిగొచ్చి ఎక్కడివాళ్ళక్కడ కూర్చుని సింహాలు పూర్తి చేశారు. రీడింగ్ పోయింది.

అన్నం ముందు కళ్ళజోళ్ళ పెట్టె. మావాడు దాన్ని బల్ల మీద పరిచాడు, ఎవరికి బాగా కనబడితే వాళ్ళు తీసుకోవచ్చని. నేను ఇక మాట్లాడాల్సి వచ్చింది. ఒక్కో జోడులో ఎవరిదో నంబరుంది. కుడికంటిది వేరు, ఎడమకంటిది వేరు, సిలిండరు వేరు, కంటిపాపల మధ్య దూరం వేరు. ఎదిగే పిల్లలకి తప్పు నంబరు జోడు తలనొప్పి తెస్తుంది, పైగా కళ్ళు చూపించుకున్నాంలే అని ఇంట్లోవాళ్ళు ఊరుకుంటారు. డాలస్ నించి ఈ పెట్టె మోసిన ఖర్చుతో ఇక్కడ ఎంతమందికి కొత్తవి చేయించొచ్చో లెక్క చెప్పాను. పెట్టె మూసేశారు, పాపం.

మూసేలోగా ఒక పిల్ల ఎర్ర ఫ్రేము తీసి పెట్టేసుకుంది. చిన్న సైజుది, సరిగ్గా సరిపోయింది. తియ్యమంటే తియ్యదు. "మంచిగ కనవడ్తున్నదా?" అంటే తల ఊపుతోంది. ఎదురుగా చార్టు చూపించి ఇదేం అక్షరం అంటే చార్టు వైపు నాలుగడుగులు వేసి, కళ్ళు చికిలించి చెప్పింది. జోడు తీసినా నాలుగడుగులే. అప్పుడు గుర్తొచ్చింది, పొద్దుట్నించీ బొమ్మ గీస్తున్నప్పుడు ఈ పిల్ల ముక్కు కాగితానికి ఆనుతోంది. మాకన్నా ముందు చూసింది స్టెతస్కోప్ కుర్రాడట. చెప్పొచ్చో లేదో తెలీక ఊరుకున్నాడు.

అన్నం, గుడ్డు పులుసు, పెరుగు. వడ్డించడంలో మాత్రం డాలస్ పిల్లలకి వంక పెట్టలేం. మారు అడిగేదాకా ఆగరు, విస్తట్లో పారెయ్యనివ్వరు.

ఫొటోలు వద్దన్నాం. పిల్లల మొహాలు లేకుండా చేతులు, సింహాలు, బిందెలు తీసుకోవచ్చు. ఒకమ్మాయి అడిగింది, మరి రిపోర్టులో ఏం చూపించాలి అని. నీ తడిసిన జీన్స్ చూపించు అన్నాను.

మే 21

ఇవాళ షెడ్యూలు లేదు. గోడ మీదిది అలాగే ఉంది గానీ ఎవరూ చూడలేదు. నల్లా రోజు కాదు కాబట్టి రీడింగ్ బాగా సాగింది.

మధ్యాహ్నం తల్లులు పనిళ్ళ నించి కాసేపు వచ్చిపోయే వేళకి వెళ్ళి గుమ్మాల్లో కూర్చున్నాను. ఏం కావాలమ్మా మీ పిల్లలకి అని అడిగాను. మొదట మర్యాదకి ఏం వద్దన్నారు. తర్వాత ఒకావిడ, బంజారాహిల్స్‌లో రెండిళ్ళలో చేస్తుంది, "పొద్దుమీకి బడి నుంచి వొస్తరు, మేం రాత్రికి వొస్తం. నడుమ రెండు గంటలు సదివిచ్చేటోళ్ళుంటే సాలు" అంది. అందరూ అవునన్నారు. బొమ్మలు, బట్టలు, ఎవరూ అడగలేదు. నల్లా టైముకి మాత్రం పిల్లల్ని వదలమన్నారు.

ఇదీ ఉత్తరం. రాయడానికి నూట ఇరవై ఏళ్ళూ, ఓడ ప్రయాణమూ అవసరం లేదు, గోడ చుట్టూ తిరిగి రావడమే.

మే 22

ఎర్ర ఫ్రేము పిల్లని సరోజినీదేవి కంటి ఆసుపత్రికి తీసుకెళ్ళాం. నేను, వాళ్ళమ్మ, స్టెతస్కోప్ కుర్రాడు. వాళ్ళమ్మ ఒక పూట పని మానుకుంది. పిల్ల ఎర్ర ఫ్రేము పెట్టుకునే వచ్చింది.

ఓపీ చీటీ, లైను, బల్ల, ఇంకో లైను. కుర్రాడు ఎవరూ అడక్కుండానే లైన్లో నిలబడి, మేం ముగ్గురం కూర్చునేలా చూశాడు. అతను ఇక్కడికొచ్చి చేసిన పనుల్లో నాకు నచ్చింది ఇదే, రిపోర్టులోకి ఎక్కనిది.

డాక్టరమ్మ చిన్నది, మా చివరమ్మాయి వయసు. చార్టు చదివించి, దగ్గరచూపని చెప్పి, చుక్కలు వేయించింది. పిల్లల కళ్ళు తెలివైనవి, కండరం బిగించి చూసేసి అసలు నంబరు దాచేస్తాయి, అందుకని మందు వేసి దాన్ని సడలించి చూస్తారు. చూసి రాసుకుంది. కానీ జోడు ఇవాళ రాయనంది. మందు ప్రభావం పోయాక ఇంకోసారి వస్తే, అప్పుడు సరిచూసి నంబరు ఇస్తానంది. వచ్చే వారం చివర్లో రమ్మంది.

కుర్రాడు ఫోన్లో క్యాలెండరు తీశాడు. శుక్రవారం రాత్రి వాళ్ళ విమానం.

"ముందు రావడానికి వీల్లేదా?" అని అడిగాడు ఇంగ్లిషులో. ఆవిడ ఇంగ్లిషులోనే చెప్పింది, కన్ను ఒప్పుకోదు అని.

మే 24

వెళ్ళారు. సూట్‌కేసులు ఖాళీగా వెళ్తాయనుకుంటే ఆవకాయతో నిండాయి. గుంటూరు యాస అమ్మాయి ఏడ్చింది. బస్తీ పిల్లలు ఏడవలేదు, ఇవాళ నల్లా రోజు, అటువైపు పోయారు. కళ్ళజోళ్ళ పెట్టె నా మంచం కింద ఉంది.

మే 26

ఆరాధన తర్వాత మావాడు పంపిన వీడియో తెర మీద వేశారు. మొహాలు లేవు, మాట నిలబెట్టుకున్నాడు. డీకన్ గారు గేటు దగ్గర ఆపి, "ఫలం ఏంటమ్మా?" అన్నారు. దగ్గరచూపు ఒకటి దొరికిందండీ అన్నాను. ఆయన దీన్ని వెటకారంగా తీసుకున్నారు. కాదు.

మే 31

రెండోసారి ఆసుపత్రి. మైనస్ మూడు, రెండు కళ్ళకీ దాదాపు అంతే. అంటే ఈ పిల్లకి బ్లాక్ బోర్డు ఎన్నడూ కనబడి ఉండదు. నాలుగో తరగతి దాకా పక్కవాళ్ళ నోట్సు చూసి ఎక్కించుకుంటూ వచ్చింది. టీచర్లు మందకొడి అనుకున్నారని వాళ్ళమ్మ చెప్పింది, కోపమేమీ లేకుండా.

మెహిదీపట్నంలో అద్దాల కొట్టతను ఫ్రేములు చూపిస్తుంటే పిల్ల తన ఎర్రది తీసి బల్ల మీద పెట్టింది. అతను దాన్ని వంచి, స్క్రూలు చూసి, "మంచి మాల్ ఉంది, దీంట్లనే ఏస్త" అన్నాడు. పాత అద్దాలు ఊడదీశాడు. అద్దాల డబ్బులే తీసుకున్నాడు. పెట్టెలో పిల్లల సైజు ఫ్రేములు ఇంకేమైనా ఉంటే తెమ్మన్నాడు, కొంటాడట. నా లెక్క మళ్ళీ వేసుకోవాలి. పెట్టె మంచం కింద నించి బయటికొచ్చింది.

జూన్ 5

నిన్నంతా ఓట్ల లెక్కింపు, టీవీలు, టపాకాయలు. ఇవాళ మావాడి ఫోను.

వాళ్ళ సంఘం వచ్చే ఏడు పన్నెండు మందితో వస్తామంటోందట. నేను తల్లుల మాట చెప్పాను: సాయంత్రం రెండు గంటలు, ఏడాది పొడుగునా. దానికి పన్నెండు మంది అక్కర్లేదు, ఒక జీతం కావాలి. మావాడు వెంటనే డబ్బు పోగుచేసి పంపుతామన్నాడు. ఆగమన్నాను. అమెరికా పౌరులిచ్చింది, వాళ్ళు తెలుగువాళ్ళయినా సరే, చట్టం దృష్టిలో విదేశీ విరాళమే. ఎఫ్‌సీఆర్‌ఏ రిజిస్ట్రేషన్ గానీ ముందస్తు అనుమతి గానీ ఉన్న సంస్థలే తీసుకోవాలి, అదీ ఢిల్లీ స్టేట్ బ్యాంకు మెయిన్ బ్రాంచిలో ఖాతా తెరిచి. మాకు ఆ రెండూ లేవు. "నీ పాస్‌పోర్టు ఇంకా మనదేనా?" అన్నాను. గ్రీన్ కార్డే పెద్దమ్మా, పాస్‌పోర్టు ఇండియాదే అన్నాడు. అయితే నీ జీతంలోంచి నువ్వొక్కడివీ బ్యాంకు ద్వారా పంపొచ్చు, అది విదేశీ విరాళం కిందికి రాదు. కాసేపు లైన్లో మాట లేదు. పిల్లలందరూ ఇవ్వాలనుకుంటున్నారే అన్నాడు. వాళ్ళని తెలుగు రాయడం నేర్చుకోమని చెప్పు, ఇక్కడి పిల్లలు ఉత్తరాలు రాస్తే చదవడానికి పనికొస్తుంది అన్నాను. నెలకి నాలుగు వేలు, జూన్ నించి మార్చి దాకా, ఒప్పుకున్నాడు.

సాయంత్రం ఇంటర్ ప్యాసైన అమ్మాయిని పిలిపించాను. దోస్త్‌లో, అంటే ఆన్‌లైన్ అడ్మిషన్లలో, డిగ్రీ సీటుకి పెట్టుకుంది, నాంపల్లి ఉమెన్స్ కాలేజీ వస్తుందని ఆశ. బడులు పన్నెండో తారీఖు తెరుస్తారు, ఆ రోజు నించే షెడ్డులో అయిదు నించి ఏడు దాకా చదివించాలి, నాలుగు వేలు అన్నాను. వెంటనే సంతోషపడిపోతుందనుకున్నాను. తను వేళ్ళు మడుస్తూ షరతులు మొదలుపెట్టింది. షెడ్డులో ఒక ఫ్యాను, రెండు ట్యూబులైట్లు. ఎర్ర అద్దాల పిల్లని ముందు కూర్చోబెట్టక్కర్లేదు, ఎనక కూసున్నా ఇప్పుడు కనవడ్తది, ముందు చిన్నోళ్ళు కూసుంటరు. శనివారం తనకి సెలవు. చర్చి పోగ్రాములుంటే తన క్లాసు రద్దు చెయ్యకూడదు.

అన్నీ రాసుకున్నాను. ఇంకేమైనానా అంటే లేచి గుమ్మం దాకా పోయి ఆగింది.

"నల్లా టైము మారుస్తున్నరంట ఆంటీ, ఈ నెల నుంచి పొద్దుమీకి ఇడుస్తరంట. పోరగాళ్ళు నీళ్ళకు పోతే నా పైసలు కొయ్యొద్దు."

అది కూడా రాసుకున్నాను.